టికెట్ మీద 9:31 అని ఉంటే ఎన్నింటికి అక్కడ ఉండాలి? యూరప్ హైస్పీడ్ రైళ్ల గడువుల గురించి

ముందుగా అడిగిన ప్రశ్న క్లుప్తంగా. లండన్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకరు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను యూరోస్టార్ రైల్లో పారిస్‌కు, రెండు రోజుల తర్వాత అక్కడి నుంచి జర్మనీలోని కొలోన్‌కు, చివరగా ఐసీఈ అనే జర్మన్ హైస్పీడ్ రైల్లో, హైదరాబాద్ విమానం కోసం ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టుకు పంపుతున్నారు. మొదటి టికెట్‌తో గంటకు పైగా ముందు రమ్మని సూచన వచ్చింది, 30 నిమిషాల ముందు గేట్లు మూసేస్తామని కూడా ఉంది. రెండో టికెట్ కూడా యూరోస్టార్‌దే, కానీ అక్కడ రెండు నిమిషాల మాట ఒక్కటే కనిపిస్తోంది. మూడోదాని మీద బయల్దేరే టైం తప్ప ఏమీ లేదు. ఇందులో ఏది నమ్మాలి, పెద్దవాళ్లు ఇద్దరే వెళ్తున్నప్పుడు ఎంత ముందు చేరుకోవాలి అని ప్రశ్న.

నేను చాలా ఏళ్లుగా కొలోన్‌లోనే ఉంటున్నాను. ఉద్యోగం పని మీద బ్రస్సెల్స్, పారిస్, లండన్ రైల్లోనే తిరుగుతుంటాను. ఇక్కడి మనవాళ్లు ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను ఎక్కడికైనా పంపాలంటే టికెట్లు, రైలు మారే చోట్లు ఒకసారి చూసిపెట్టమని అడుగుతుంటారు. ఈ ప్రశ్న వాళ్లందరి దగ్గరా వింటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మూడు టికెట్లూ చెబుతున్నది నిజమే. అయితే ఒక్కొక్కటి ఒక్కో గడువు గురించి చెబుతోంది. టికెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది రైలు కదిలే టైం. దానికి ముందు తలుపులు మూసే టైం ఉంటుంది. కొన్ని స్టేషన్లలో దానికీ ముందు గేటు మూసే టైం ఉంటుంది. ‘ఇంత ముందు రండి’ అన్నది వీటన్నిటికంటే ముందుండే సలహా. సలహా టైం దాటితే క్యూలో టెన్షన్ పడతారు, గేటు టైం దాటితే ప్రయాణమే పోతుంది. కాబట్టి ప్రతి టికెట్ చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న వేసుకోండి: స్టేషన్ గుమ్మానికీ రైలు తలుపుకీ మధ్య ఏమేం దాటాలి? పాస్‌పోర్టు తనిఖీ ఉందా, సామాను స్కానర్ ఉందా, టికెట్ గేటు ఉందా, లేక నేరుగా ప్లాట్‌ఫాం మీదికి నడిచి వెళ్లిపోవచ్చా? గడువు దీన్ని బట్టే మారుతుంది. కంపెనీ పేరు చూసి లెక్కేస్తే మీ రెండో టికెట్ దగ్గర వచ్చిన అయోమయమే వస్తుంది.

లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో ఆ మధ్యలో దాటాల్సినవి అన్నీ ఉన్నాయి. లోపల సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో బ్రిటన్ లేదు, రైలు సముద్రం కింద చానెల్ టన్నెల్‌లోంచి పోతుంది. అందుకే అక్కడ టికెట్ గేటు, ఎయిర్‌పోర్టు తరహాలో సామాను స్కానర్, ఆ తర్వాత ఫ్రెంచ్ సరిహద్దు పోలీసుల పాస్‌పోర్టు తనిఖీ వరుసగా ఉంటాయి. ఫ్రాన్స్ అధికారులు లండన్ స్టేషన్‌లోనే కూర్చుని పని చేస్తారు. పారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో, బ్రస్సెల్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రిటన్ అధికారులు కూర్చునేది కూడా ఇదే ఏర్పాటు కింద. దీనివల్ల మీ అమ్మానాన్నలు పారిస్‌లో దిగాక మళ్లీ పాస్‌పోర్టు లైన్ ఉండదు, నేరుగా బయటకు నడిచి వెళ్లిపోతారు. ఆ సౌకర్యానికి బదులుగా క్యూ అంతా లండన్‌లోనే నిలబడాలి.

రైలు కదలడానికి 30 నిమిషాల ముందు టికెట్ గేట్లు మూసుకుంటాయి. ఇది మామూలు తరగతి టికెట్ల సంగతి, పై తరగతి వాళ్లకు గడువు ఇంకా తక్కువ. మూసుకున్నాక రైలు కళ్లెదుటే ఉన్నా లోపలికి పంపరు. గేటు దాటినవాళ్లంతా స్కానర్, పాస్‌పోర్టు పూర్తి చేసుకుని, వెయిటింగ్ హాల్ నుంచి పైన ప్లాట్‌ఫాంకు ఎక్కి, 400 మీటర్ల రైల్లో తమ బోగీ వెతుక్కోవాలి. ఒక్కో రైల్లో పదహారు బోగీలు, దాదాపు 900 సీట్లు. అంతమందిని ఎక్కించడానికి ఆ అరగంట కావాలి.

భారత పాస్‌పోర్టుకు ఇంకో మెట్టు ఎక్కువైంది. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్‌లో ఈఈఎస్ అనే కొత్త ప్రవేశ నమోదు పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు మీద స్టాంపు వేసే చోట ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నమోదుకు ఎక్కువ సేపు పడుతుంది, ఆ వివరాలు మూడేళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి కాబట్టి తర్వాతి ప్రయాణాల్లో పని తేలిక. మీ అమ్మానాన్నలకు ఇదే మొదటి షెంగెన్ ప్రయాణం అయితే పూర్తి నమోదు జరుగుతుందనుకునే వెళ్లాలి. పొలం పని, ఇంటి పని చేసి వేళ్లు అరిగిన పెద్దవాళ్లకు రేషన్ షాపు మెషీన్‌లో వేలిముద్ర ఒక పట్టాన పడదని మనకు తెలుసు కదా. ఇక్కడా అంతే, రెండు మూడు సార్లు పెట్టించాల్సి రావచ్చు. దానికి కంగారు పడక్కర్లేదని వాళ్లకు ముందే చెప్పి పంపండి. హోటల్ బుకింగ్, ట్రావెల్ ఇన్సూరెన్స్, ఇండియాకు తిరుగు టికెట్ ప్రింట్లు ఒక ఫైల్లో పెట్టి అమ్మగారి చేతిసంచిలో ఉంచండి. ఫ్రెంచ్ అధికారి అడిగితే ఫోన్ తెరిచి వెతుక్కునే పని ఉండకూడదు.

నా లెక్క ఏమిటంటే, టికెట్‌తో ఇచ్చిన సూచన టైం కంటే కనీసం అరగంట ముందు స్టేషన్‌లో ఉండండి, సూచన టైంకు గేటు ముందు నిలబడండి. మరీ ముందు వెళ్తే ఆ రైలుకు గేటు ఇంకా తెరవకపోవచ్చు, కానీ సెయింట్ పాంక్రస్‌లో కూర్చోడానికి, కాఫీ తాగడానికి చోటుకు లోటు లేదు. మీరు గేటు దాకానే వెళ్లగలరు, లోపలికి రానివ్వరు. సామాను ఎత్తడానికో, నడవడానికో సాయం కావాలంటే ముందుగా సహాయం బుక్ చేయండి. యూరప్ రైలు ప్రయాణికుల హక్కుల నిబంధన, అంటే 2021లో వచ్చి 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్నది, 24 గంటల ముందు చెబితే సహాయం ఏర్పాటు చేయాలంటుంది. ఇందులోనూ ఒక గడువు ఉంది. ఏ చోటికి ఎన్నింటికి రావాలో రైలు కంపెనీ చెప్పకపోతే, కనీసం 30 నిమిషాల ముందు ఆ చోటికి చేరుకోవాలి. మీ పారిస్–కొలోన్, కొలోన్–ఫ్రాంక్‌ఫర్ట్ రైళ్లకు ఇది వర్తిస్తుంది. లండన్‌లో ఎటూ దీనికంటే ముందే ఉంటారు, బుక్ చేసినప్పుడు వాళ్లు చెప్పిన టైం పాటించండి.

ఒక చిన్న మాట, అందరూ అడుగుతారు కాబట్టి. యూరోస్టార్ స్కానర్‌లో విమానంలో లాగా 100 మిల్లీలీటర్ల ద్రవాల నిబంధన లేదు. నీళ్ల బాటిల్, ఆవకాయ సీసా, కొబ్బరినూనె పట్టుకెళ్లొచ్చు. కూరగాయలు తరిగే చాకు మాత్రం సంచిలో పెట్టకండి, స్కానర్ దగ్గర ఆపుతారు, టైం అక్కడే పోతుంది. బ్రిటన్ నుంచి యూరప్‌లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడానికి అనుమతి లేదు. నెయ్యి డబ్బా, పాలకోవా లండన్‌లోనే ఉంచేయండి.

ఇప్పుడు రెండో టికెట్. పారిస్–బ్రస్సెల్స్–కొలోన్ మార్గంలో నడిచే ఎర్ర రైళ్లను ఇంతకుముందు థాలిస్ అనేవారు. 2023లో ఆ పేరు తీసేసి వాటికీ యూరోస్టార్ అనే పెట్టారు. అందుకే ఒకే పేరు, ఒకే స్టేషన్, కానీ పూర్తిగా వేరే పద్ధతి. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ మూడూ షెంగెన్‌లోవే కాబట్టి పాస్‌పోర్టు లైన్ లేదు, లండన్ రైలుకు ఉన్నట్టు చెక్‌ఇన్ లేదు. నేరుగా ప్లాట్‌ఫాంకు వెళ్లి ఎక్కడమే. అయితే పాస్‌పోర్టు చేతికి అందేలా ఉండాలి, సరిహద్దు దాటేటప్పుడు పోలీసులు రైల్లోకి వచ్చి అడగడం ఉంటుంది.

గార్ దు నోర్‌లో లండన్ రైళ్ల ప్రవేశం పై అంతస్తులో ఉంటుంది. కొలోన్ వెళ్లే రైలు కింద, మామూలు ప్లాట్‌ఫాంల మీద ఉంటుంది. మీ నాన్నగారు ‘యూరోస్టార్’ అని ఎవరినైనా అడిగితే పైకి చెయ్యి చూపించే అవకాశం ఎక్కువ. ‘కొలోన్’ అని, రైలు నెంబరు చూపించి అడగమనండి. ఇంకో సంగతి, స్టేషన్ బోర్డు మీద రైలు ఆఖరి స్టేషన్ పేరే ఉంటుంది. కొన్ని రైళ్లు కొలోన్ దాటి డార్ట్‌మండ్ వైపు పోతాయి, అప్పుడు బోర్డు మీద పెద్దగా కనిపించేది ఆ పేరే. పైగా కొలోన్‌ను జర్మన్‌లో ‘క్యోల్న్’ అని రాస్తారు. అన్ని చోట్లా మారకుండా ఉండేది రైలు నెంబరు ఒక్కటే. దాన్ని, బోగీ నెంబరును, సీటు నెంబరును పెద్ద అంకెల్లో ఒక కాగితం మీద రాసి నాన్నగారి జేబులో పెట్టండి.

ఈ రెండు నిమిషాల గడువు గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే అక్కడి హైస్పీడ్ రైలుకైనా, ఈ ఎర్ర యూరోస్టార్‌కైనా బయల్దేరడానికి రెండు నిమిషాల ముందు తలుపులు మూసేస్తారు. 9:31 రైలు అంటే 9:29కి మీరు రైలు లోపల ఉండాలి. ప్లాట్‌ఫాం మొదట్లో ఉంటే సరిపోదు. టీజీవీలు తరచుగా రెండు రైళ్లు కలిపి నడుపుతారు, రెండూ కలిస్తే 400 మీటర్లు. పెట్టెలు లాగుతూ, పెద్దవాళ్లు, రద్దీలో అంత దూరం నడవాలంటే ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. అంటే అసలు గడువు 9:29 అయినా, మీ అమ్మానాన్నలు ప్లాట్‌ఫాం మొదట్లో అడుగుపెట్టాల్సింది 9:15 ప్రాంతంలో. పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫాం నెంబరు బోర్డు మీద పడేది దాదాపు 20 నిమిషాల ముందు. అది పడగానే హాల్లో ఉన్న జనమంతా ఒక్కసారిగా కదులుతారు. కాబట్టి నెంబరు పడేసరికి బోర్డు కింద నిలబడి ఉండాలి, టాయిలెట్, కాఫీ అన్నీ ముందే అయిపోవాలి. పారిస్‌లోని టీజీవీ స్టేషన్లలో ప్లాట్‌ఫాం ముందు టికెట్ స్కాన్ చేసే గేట్లు కూడా ఉంటాయి, కోడ్ ఫోన్‌లో తెరిచి, స్క్రీన్ వెలుతురు పెంచి పెట్టుకోవాలి. కాగితం మీద ప్రింట్ ఉంటే పెద్దవాళ్లకు ఇంకా నయం.

మన దగ్గర రైలు కదులుతుంటే ఏదో ఒక బోగీ ఎక్కేసి, లోపల్లోపల నడుచుకుంటూ మన సీటుకు చేరుకునే అలవాటు ఉంది. ఇక్కడ అది రెండు రకాలుగా కుదరదు. తలుపులు తాళం పడ్డాక బయట మీట నొక్కినా తెరుచుకోవు, గార్డును బతిమాలినా లాభం లేదు, ఆ రైలు కదిలితే తప్ప వెనక రైలుకు దారి ఉండదు. ఇక రెండోది, కలిపి నడిపే రెండు టీజీవీల మధ్య లోపలి నుంచి దారి లేదు. తప్పు రైల్లో ఎక్కితే తర్వాతి స్టేషన్‌లో దిగి పరుగెత్తి మారాలి. కొన్ని మార్గాల్లో ఆ రెండూ మధ్యలో విడిపోయి వేరే ఊళ్లకు వెళ్తాయి. పారిస్ నుంచి బయల్దేరిన రైలు రెన్‌లో విడిపోయి ఒకటి బ్రెస్ట్‌కు, ఒకటి కాంపేర్‌కు పోవడం మామూలే. అందుకే ఎక్కేముందు తలుపు పక్కన ఉండే చిన్న తెర మీద రైలు నెంబరు, బోగీ నెంబరు రెండూ చూసుకోవాలి.

సాగనంపడానికి వెళ్లేవాళ్లకు ఒక ముఖ్యమైన జాగ్రత్త. 2023 జనవరిలో సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ మొదలైన కొత్తల్లో, రాజమండ్రిలో ఫొటోల కోసం ఎక్కిన ఒకాయన తలుపులు పడి విజయవాడ దాకా వెళ్లాల్సి వచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇక్కడి రైళ్లన్నిటి తలుపులూ అలాంటివే. పారిస్‌లో బంధువులు ఎవరైనా మీ అమ్మానాన్నల పెట్టెలు పైన పెట్టడానికి లోపలికి ఎక్కితే, కనీసం ఐదు నిమిషాల ముందు దిగిపోవాలి. ఈ రైలు పారిస్ తర్వాత ఆగేది బ్రస్సెల్స్‌లో, గంటన్నర దూరంలో. గేట్లున్న ప్లాట్‌ఫాం అయితే టికెట్ లేనివాళ్లను అసలు లోపలికే రానివ్వకపోవచ్చు. అందుకే ఎవరికి వాళ్లు ఎత్తగలిగేంత బరువే పెట్టెల్లో సర్దండి. ఈ ఒక్క విషయంలో నేను ఎంతైనా పట్టుబడతాను, పెద్ద పెట్టెలు ఒకటి రెండు తగ్గిస్తే వాళ్ల ప్రయాణం సగం తేలికవుతుంది.

మధ్య స్టేషన్లలో ఎక్కేవాళ్లు ఇంకోటి గమనించాలి. లియోన్ పార్ దియూ, అవిన్యోన్ టీజీవీ లాంటి చోట్ల రైలు ఆగేదే కొద్ది నిమిషాలు. అక్కడ రెండు నిమిషాల ముందు తలుపు మూస్తారన్న లెక్కకు అర్థం లేదు, రైలు వచ్చేటప్పటికే మీ బోగీ ఆగే చోట నిలబడి ఉండాలి. ప్లాట్‌ఫాం మీద అక్షరాలతో గుర్తులు ఉంటాయి, ఏ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెర మీద చూపిస్తారు. మన స్టేషన్లలో కోచ్ పొజిషన్ బోర్డు చూసి నిలబడే అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది. దిగేటప్పుడూ అంతే. బ్రస్సెల్స్ దాటాక లీజ్, ఆహెన్ వస్తాయి, ఆ తర్వాత కొలోన్. ఆహెన్ దాటగానే పెట్టెలు దించుకుని సిద్ధంగా ఉండమని చెప్పండి.

మూడో టికెట్ మీద ఏ గడువూ లేకపోవడానికి కారణం జర్మనీలో దాటాల్సింది ఏదీ లేకపోవడమే. గేటు లేదు, స్కానర్ లేదు, ఎవరైనా ప్లాట్‌ఫాం దాకా వచ్చి సాగనంపొచ్చు. టికెట్ మీద ఉన్న నిమిషానికి రైలు కదలాలి కాబట్టి తలుపులు దానికి కొద్ది క్షణాల ముందు మూసుకుంటాయి. పది పదిహేను నిమిషాల ముందు ప్లాట్‌ఫాం మీద ఉంటే చాలు. ఇక్కడి కష్టం వేరే రకం. ప్లాట్‌ఫాం చివరి నిమిషంలో మారుతుంది. బోగీల వరుస తలకిందులుగా వస్తుంది, ముందుండాల్సిన బోగీ వెనక ఉంటుంది. కొలోన్ ప్లాట్‌ఫాంలు ఏ, బీ, సీ అంటూ భాగాలుగా ఉంటాయి, వరుస తిరగబడితే రైలు వచ్చాక ఈ కొస నుంచి ఆ కొసకు పరుగే. జర్మన్ రైల్వే యాప్‌లో ఆ రోజు బోగీల వరుస కనిపిస్తుంది, మీరు లండన్ నుంచే చూసి వాట్సాప్‌లో చెప్పగలరు. ఒకవేళ దొరక్కపోతే దగ్గరున్న తలుపులోంచి ఎక్కేయమనండి. ఒకే ఐసీఈ అయితే లోపల నడిచి సీటుకు చేరుకోవచ్చు. రెండు కలిపి నడిపే ఐసీఈలకు మాత్రం టీజీవీలకు చెప్పిన జాగ్రత్తే.

కొలోన్‌లో రెండు పెద్ద స్టేషన్లు ఉన్నాయని మర్చిపోకండి. యూరోస్టార్ వచ్చేది కేథడ్రల్ పక్కనున్న మెయిన్ స్టేషన్‌కు. ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఐసీఈలు కొన్ని అక్కడి నుంచే వెళ్తాయి, కొన్ని రైన్ నదికి అవతల ఉన్న మెస్సె/డాయిట్స్ స్టేషన్ నుంచి, అదీ కింది అంతస్తులో ఉన్న 11, 12 నెంబర్ల ప్లాట్‌ఫాంల నుంచి వెళ్తాయి. రెండిటికీ మధ్య లోకల్ రైల్లో ఒక్క స్టేషనే దూరం, కానీ తెలియని ఊళ్లో పెట్టెలతో మారడానికి అరగంట చాలదు. టికెట్ కొనేటప్పుడే మెయిన్ స్టేషన్ నుంచి వెళ్లేది చూసి కొనండి.

ఐసీఈ టికెట్‌లో నిమిషాల లెక్కలు రెండు మనవాళ్లను గందరగోళపెడతాయి. రిజర్వ్ చేసిన సీటును రైలు బయల్దేరాక 15 నిమిషాల దాకా మీకోసం ఉంచుతారు, ఆ లోపు కూర్చోకపోతే వేరేవాళ్లు కూర్చోవచ్చు. అది సీటుకు గడువు, రైలు మీకోసం 15 నిమిషాలు ఆగుతుందని కాదు. ఇంకోటి, చౌక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. అయితే మీరు గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యంగా చేరేలా ఉంటే ఆ కట్టుబాటు తొలగిపోతుంది, వేరే రైలు ఎక్కొచ్చు. మన తప్పు వల్ల రైలు పోతే ఈ వెసులుబాటు లేదు. గంట ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలకు 50 శాతం పరిహారం యూరప్ నిబంధన ప్రకారం అడగొచ్చు.

ఇదే దారిలో వెనక్కి, అంటే కొలోన్ నుంచి లండన్ వెళ్లేవాళ్ల కోసం ఒక మాట. బ్రస్సెల్స్ మిడి స్టేషన్‌లో రైలు మారాలి. కాగితం మీద 50 నిమిషాల వ్యవధి కనిపిస్తే హాయిగా ఉందనిపిస్తుంది. కానీ లండన్ రైలుకు అక్కడ కూడా అరగంట ముందే గేట్లు మూస్తారు. అంటే చేతిలో ఉన్నది 20 నిమిషాలే, ముందు రైలు పావుగంట ఆలస్యమైతే ఐదు నిమిషాలే. నేనైతే అక్కడ రెండు గంటలు ఉండేలా చూసుకుంటాను. రెండు రైళ్లూ ఒకే బుకింగ్‌లో కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి రైల్లో పంపే బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. విడివిడిగా కొంటే ఆ వాదన కష్టం. ఆలస్యం అవుతోందని తెలియగానే రైల్లో ఉండే టికెట్ కలెక్టరు దగ్గర ఆ మాట రాయించుకోవడం మంచిది.

స్పెయిన్, ఇటలీ వెళ్లేవాళ్లకు కూడా ఇక్కడే చెబుతాను. స్పెయిన్‌లో దేశం లోపల తిరిగే ఏవీఈ అనే హైస్పీడ్ రైళ్లకు కూడా సామాను స్కానర్ ఉంటుంది, 2004 మార్చి 11న మాడ్రిడ్ లోకల్ రైళ్ల మీద జరిగిన బాంబు దాడుల తర్వాత ఆ జాగ్రత్త పెరిగింది. స్కానర్ దాటాక, ప్లాట్‌ఫాంకు దిగే దారి దగ్గర మళ్లీ టికెట్ చూస్తారు, ఆ దారి రెండు నిమిషాల ముందు మూసుకుంటుంది. మాడ్రిడ్ అటోచాలో, బార్సిలోనా సాంట్స్‌లో సెలవు రోజుల్లో స్కానర్ లైన్ పొడవుగా ఉంటుంది కాబట్టి 40 నిమిషాల ముందు వెళ్లడం మేలు. ఇటలీలో స్కానర్ లేదు, మిలాన్, రోమ్ లాంటి పెద్ద స్టేషన్లలో టికెట్ చూసే గేట్లు ఉంటాయి, ప్లాట్‌ఫాం నెంబరు చాలా ఆలస్యంగా చెబుతారు. ఇటలీలో గోడకు అంటించిన టైంటేబుల్స్‌లో పసుపు కాగితం బయల్దేరే రైళ్లది, తెల్ల కాగితం వచ్చే రైళ్లది. తెల్లది చూసి తప్పు ప్లాట్‌ఫాంకు వెళ్లేవాళ్లు చాలామంది. ఫ్రాన్స్‌లో చౌక ధరల ఊయిగో రైళ్లు మామూలు టీజీవీ కంటే ముందు రమ్మంటాయి, ఆ టైం టికెట్‌తోపాటు వస్తుంది, దాన్నే పట్టుకోండి.

గడియారం సంగతి కూడా ఉంది. టికెట్ల మీద ఎప్పుడూ ఆ ఊరి టైమే ఉంటుంది. పారిస్ లండన్ కంటే గంట ముందుంటుంది. మీ నాన్నగారు చేతి గడియారం పెట్టుకుంటారా, ఇంకా ఇండియా టైంలోనే ఉంచుకున్నారా అని ఒకసారి అడగండి. లండన్ టైంకు పెట్టుకుని ఉంటే, పారిస్‌లో దిగగానే దాన్ని గంట ముందుకు జరపాలి. మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు మారతాయి, ఆ తేదీ దగ్గర ప్రయాణం ఉంటే ముందురోజు రాత్రే గుర్తుచేయండి. టైములన్నీ 24 గంటల లెక్కలో ఉంటాయి, 19:25 అంటే రాత్రి 7:25 అని కాగితం మీద పక్కనే రాసి ఇవ్వండి.

చివరి రైలు దగ్గర మాత్రం లెక్కను వెనక నుంచి చేయాలి, ఎందుకంటే అక్కడ అసలు గడువు విమానానిది. ఐసీఈ టికెట్, విమానం టికెట్ విడిగా కొని ఉంటే, రైలు ఆలస్యమైతే విమాన సంస్థకు సంబంధం లేదు. కొలోన్ నుంచి ఎయిర్‌పోర్టుకు గంట ప్రయాణం. హైదరాబాద్ విమానానికి నాలుగు గంటల ముందు ఎయిర్‌పోర్టులో దిగే రైలు చూడండి, అప్పుడు అది పోయినా తర్వాతిది పనికొస్తుంది. ఈ ఒక్క రైలుకు ఆ రోజు ఏ రైలైనా ఎక్కే వీలున్న ఫ్లెక్స్ టికెట్ కొనండి, ధర ఎక్కువైనా. ‘ఫ్రాంక్‌ఫర్ట్’ అని వినగానే దిగకూడదు, సిటీ మెయిన్ స్టేషన్ వేరు. వాళ్లు దిగాల్సిన దాని పేరు ‘ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లుగ్‌హాఫెన్ ఫెర్న్‌బాన్‌హోఫ్’, కొలోన్ వైపు నుంచి వస్తే సిటీ స్టేషన్ కంటే ముందే వస్తుంది. అక్కడి నుంచి టెర్మినల్ 1కు పైనుంచి కప్పున్న నడక దారి ఉంది, లుఫ్తాన్సా విమానం అక్కడి నుంచే. వెళ్లేటప్పుడు కూడా పాస్‌పోర్టు దగ్గర ఈఈఎస్‌లో ఫొటో, వేలిముద్ర చూడొచ్చు కాబట్టి, సామాను ఇచ్చేశాక డ్యూటీ ఫ్రీ దుకాణాల దగ్గర ఆగకుండా ముందు ఆ లైన్ పూర్తి చేసుకోమనండి.